అద్దం ముందు నుంచి లేచాక

చెల్లీ, పెళ్ళి ముహూర్తాలు దగ్గరపడుతున్నాయంటే నన్ను అడిగే ప్రశ్నలన్నీ ఒకే తీరుగా ఉంటాయి. "అక్కా, పెళ్ళికి ఇంకా మూడు నెలలే ఉంది, ముఖానికి ఏం చేయించుకోమంటావు?" "జుట్టు స్ట్రెయిటెనింగ్ చేయించుకుంటే బావుంటానా?" "పార్లర్ ఆవిడ ప్యాకేజీ చెప్పింది, తీసుకోమంటావా వద్దంటావా?" పెళ్ళికూతుళ్ళే కాదు. కాన్పు తరవాత మళ్ళీ ఉద్యోగంలో చేరబోయేవాళ్ళు, ఇంటర్వ్యూ ముందు రాత్రి మొటిమల్ని తలుచుకుని నిద్రపట్టనివాళ్ళు, పిల్లలు హాస్టళ్ళకి వెళ్ళిపోయాక తీరిగ్గా తమ ముఖం తాము చూసుకుని దిగులుపడ్డవాళ్ళు కూడా అడుగుతారు. అడగడంలో తప్పేం లేదు. బాగా కనిపించాలనుకోవడం సిగ్గుపడాల్సిన కోరిక అని నేనెప్పుడూ అనుకోలేదు. "చదువుకున్న పిల్లవి, నీకివన్నీ ఎందుకే" అని ఈసడించే పెద్దవాళ్ళ మాట నాకసలు నచ్చదు.

అయితే ఇన్నేళ్ళుగా ఇంతమందిని చూశాక నాకో గట్టి నమ్మకం ఏర్పడింది. మేకోవర్ కుదిరిందో లేదో అద్దం ముందు కూర్చున్నప్పుడు తెలీదు, లేచి వెళ్ళాక తెలుస్తుంది. నీ ముఖం సంగతీ బట్టల సంగతీ మర్చిపోయి పనిలో పడ్డావా, నలుగురిలో గలగలా మాట్లాడావా, నీకది కుదిరినట్టే. పైట సర్దుకుంటూ, చెమట ఒత్తుకుంటూ, ఫోటో తీస్తుంటే ఏ పక్కకి తిరగాలా అని లెక్కలేసుకుంటూ రోజంతా గడిపావా, ఎన్ని వేలు పోసినా అది కుదరనట్టు. ఇక నేను చెప్పబోయేవన్నీ ఈ ఒక్క కొలతతో చెప్పేవే.

ముందు టైలర్ దగ్గరికి వెళ్దాం పద. పార్లర్ తరవాత సంగతి. మన ఆడవాళ్ళలో చాలామందికి అన్నిటికంటే పెద్ద మార్పు తెచ్చేది సరిగ్గా కుదిరిన జాకెట్టు. ఎంత మంచి గద్వాల చీరైనా కట్టుకో, చంక దగ్గర బిగుసుకుపోయే జాకెట్టు వేసుకుంటే చెయ్యెత్తి ఎవర్నీ పిలవలేవు. భుజం జారే జాకెట్టైతే మాటిమాటికీ చెయ్యి అక్కడికే పోతుంది. ఇదంతా ఎక్కడ మొదలవుతుందో తెలుసా? ఆది జాకెట్టు దగ్గర. ఎప్పుడో బాగా కుదిరినదొకటి దాచిపెట్టుకుని ప్రతిసారీ దాన్నే టైలర్ చేతిలో పెడతాం. "దీనికంటే ఓ అరంగుళం వదులు పెట్టండి" అంటాం. వయసుతో, కాన్పులతో ఒళ్ళు మారుతుంది కానీ అన్నిచోట్లా ఒకేలా మారదు. భుజాల వెడల్పు అంతే ఉంటుంది, ఛాతీ, వీపు, దండచేయి మారతాయి. అన్నివైపులా అరంగుళం వదిలితే భుజం జారిపోతుంది, ఛాతీ దగ్గర మాత్రం హుక్కు ఇంకా లాగుతూనే ఉంటుంది.

అందుకని ఏడాదికోసారైనా ఒంటిమీద కొలతలు తీయించుకో. ఆ రోజు, చీరలోపల ఏ బ్రా వేసుకుంటావో అదే వేసుకుని వెళ్ళు. అస్తరు గుడ్డ ముందే తడిపి ఆరేసి ఇవ్వు, లేకపోతే మొదటి ఉతుకులోనే లోపలి గుడ్డ ముడుచుకుపోయి పైగుడ్డ ముడతలు పడుతుంది. పక్కకుట్ల లోపల వదులు చేసుకోవడానికి గుడ్డ వదలమను. కుట్టి ఇచ్చాక అక్కడే తొడుక్కుని చూడు. కదలకుండా నిలబడి చూసుకోవడం కాదు, రెండు చేతులూ పైకెత్తు, కింద పడ్డ వస్తువు తీస్తున్నట్టు వంగు, పిల్లాణ్ణి చంకనెత్తుకున్నట్టు చెయ్యి పెట్టు. అప్పుడు ఎక్కడ పట్టేస్తోందో దానంతటదే చెబుతుంది. చిన్న సవరణే కదా, మళ్ళీ వెళ్ళడమెందుకని ఊరుకోకు. ఆ చిన్న సవరణ చేయించకపోతే నువ్వు రేపు ఫంక్షన్లో పదిసార్లు బాత్‌రూమ్ అద్దం దగ్గరికి పరిగెత్తాల్సి వస్తుంది.

మనలో మనం చెప్పుకునే మాట ఇంకొకటి. బ్రా కొనడానికి వెళ్ళి, కౌంటర్లో మగపిల్లాడు ఉన్నాడని గబగబా "ముప్ఫై ఆరు ఇవ్వండి" అని తెచ్చేసుకునేవాళ్ళు మనలో ఎంతమందో. ఇంట్లో తలుపేసుకుని టేపు తీసుకో. రొమ్ము కింద చుట్టుకొలత ఒకటి, నిండుగా ఉన్నచోట ఒకటి. మొదటిది పట్టీ సైజు, రెండింటికీ ఉన్న తేడాని బట్టి కప్పు. బరువు మోయాల్సింది వెనకపట్టీ, భుజాల పట్టీలు కావు. భుజాల్లో గాడి పడుతోందంటే, వెనకపట్టీ వీపు మీదికి ఎగబాకుతోందంటే సైజు తప్పన్నమాట. ఇది సరిచేసుకున్న రోజున వంగిపోయిన భుజాలు వాటంతటవే లేస్తాయి, మెడనొప్పి తగ్గినవాళ్ళూ ఉన్నారు. లంగా నాడా కూడా అంతే. ఒకేచోట బిగించి కట్టగా కట్టగా నడుం నల్లగా గాడిపడిపోతుంది కదా. అక్కడ ఏళ్ళ తరబడి ఒరుసుకుని మానని పుండు పడి, అరుదుగా క్యాన్సర్‌గా మారిన కేసులను మన దేశంలోని డాక్టర్లే వైద్య పత్రికలో రాశారు. వెడల్పాటి పట్టీ ఉన్న లంగా కుట్టించుకో, కాస్త వదులుగా కట్టు, ఒక్కోరోజు కాస్త పైకీ కిందికీ మార్చు. ఆ నల్లగాడిలో పొరలు ఊడుతుంటే, పుండు పడితే డాక్టర్‌కి చూపించు.

ఇక ముఖం. ఎవరి పెళ్ళి ఆల్బమైనా తీసి తలంబ్రాల ఫోటో చూడు. పెళ్ళికూతురి దోసిలి చక్కటి చామనఛాయలో ఉంటుంది, ముఖం మాత్రం పాలిపోయి, కాస్త బూడిదరంగు కలిసి ఉంటుంది. ఎత్తిన చేతులు, పక్కనే ముఖం, రెండూ ఒకే మనిషివని నమ్మబుద్ధి కాదు. ఆ పిల్ల అందంలో లోపమేం లేదు. ఎంచిన షేడ్ తప్పు. మన చర్మం చాలావరకు పసుపు, బంగారు, ఆలివ్ ఛాయల్లో ఉంటుంది. దాని మీద గులాబీ ఛాయ ఉన్న ఫౌండేషన్ రాస్తే, పైగా మన రంగుకంటే రెండు మెట్లు తేలికది రాస్తే, బూడిద పూసినట్టే తేలుతుంది. దాని పైన వేసే కొన్ని పౌడర్లలోని సిలికా, టైటానియం డయాక్సైడ్ లాంటివి ఫ్లాష్ వెలుగుని తిప్పికొట్టి ఇంకా తెల్లగా చూపిస్తాయి. మండపంలో మామూలుగా కనిపించిన ముఖం ఫోటోలో వెలవెలబోయేది అందుకే.

షేడ్ ఎంచుకునేటప్పుడు మణికట్టు మీద రాసి చూడకు. దవడ ఎముక మీంచి మెడ మీదికి దగ్గరదగ్గర షేడ్లు మూడు గీతలు గీయించుకుని, షాపులోంచి బయటికి వచ్చి పగటి వెలుగులో చూసుకో. ఓ అరగంట ఆగు. ఒంటి జిడ్డూ గాలీ తగిలి చాలా ఫౌండేషన్లు కాస్త ముదురు తిరుగుతాయి. అప్పుడు ఏ గీత ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుందో అదే నీది. "మీ రంగుకి ఇదొక్కటే ఉందండీ" అంటే లేచి వచ్చేయి. మనదేశంలో 1952లోనే లాక్మే మొదలైంది కానీ, ముదురు చాయలకి అన్ని మెట్లలో షేడ్లు దొరకడం ఈమధ్య సంగతే. 2017లో రిహానా పెట్టిన ఫెంటీ బ్యూటీ ఒకేసారి 40 షేడ్లతో వచ్చాక పెద్ద పెద్ద కంపెనీలు కూడా ముదురు షేడ్లు పెంచక తప్పలేదు. ఇప్పుడు మన కంపెనీల్లోనూ దొరుకుతున్నాయి. నీ రంగుకి షేడ్ లేని షాపుకి నీ ముఖం అప్పజెప్పాల్సిన అవసరం లేదు.

పెళ్ళికి మేకప్ చేసే అమ్మాయితో ముందే ఓ ట్రయల్ పెట్టుకో. ఆరోజు ఫ్లాష్‌తో ఒకటి, ఫ్లాష్ లేకుండా ఒకటి ఫోటోలు తీయించుకో, చేతులు ముఖం పక్కన పెట్టి మరీ తీయించుకో. "మెడకీ చేతులకీ కలిసిపోవాలి, పుట్టుమచ్చ దాచొద్దు, కనుబొమలు నావి నాలాగే ఉండనివ్వండి" అని నోరు తెరిచి చెప్పు. కన్నీళ్ళు తుడుచుకున్నా చెదరని కాటుక వేయమను, అప్పగింతలప్పుడు దాని గురించి బెంగపడకూడదు. పెళ్ళికి రెండు వారాల లోపల మాత్రం కొత్త ఫేషియలూ, కొత్త క్రీమూ, పీలింగూ ఏదీ ముట్టుకోకు. అలవాటులేనిది పడకపోతే మానడానికి టైముండాలి. మెహందీ కోన్లలో నల్లగా, గంటలోనే పండేవి ఉంటాయి, వాటిలో జుట్టురంగులో వాడే పీపీడీ అనే రసాయనం కలుస్తుంది. చేతులు బొబ్బలెక్కిపోయినవాళ్ళున్నారు. గోరింటాకు సహజంగా నల్లగా పండదు, నారింజ నుంచి ఎరుపు గోధుమ దాకా వస్తుంది. అది తెలిస్తే చాలు.

ఇప్పుడు కాస్త గట్టిగా మాట్లాడతాను, ఏమనుకోకు. మందులషాపులో చవగ్గా దొరికే చిన్న ట్యూబు ఉంటుంది. పక్కింటావిడో, స్నేహితురాలో చెబుతుంది, "వారంలో ముఖం మెరిసిపోతుంది, చూడు" అని. నిజంగానే మెరుస్తుంది. అందులో ఉండేది బీటామెథసోనో, మొమెటసోనో, క్లోబెటసాలో. ఇవి స్టెరాయిడ్లు. ఎగ్జిమా, సోరియాసిస్ లాంటివాటికి డాక్టర్ ఇన్ని రోజులని లెక్కపెట్టి ఇచ్చే మందులు. చాలా ట్యూబుల్లో దీనితోపాటు హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ కూడా కలిపి ఉంటాయి. రాసిన కొత్తలో రక్తనాళాలు ముడుచుకుని చర్మం పాలిపోతుంది, మొటిమల ఎరుపు అణుగుతుంది, నువ్వు సంబరపడతావు. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి, బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, పెదవి పైనా గడ్డం కిందా నూగు పెరుగుతుంది, మొటిమలు గుంపులుగా వస్తాయి. భయపడి మానేస్తే ముఖం ఎర్రగా కందిపోయి మండిపోతుంది. ఆ మంట తట్టుకోలేక మళ్ళీ అదే రాస్తావు. నేను మొదట చెప్పిన కొలత గుర్తుందా? ఈ ట్యూబు నిన్ను ఒక్కరోజు కూడా నీ ముఖాన్ని మర్చిపోనివ్వదు.

ఇది ఎంతమందిని పట్టి పీడించిందంటే, మన దేశపు చర్మవైద్యులు దీనికి స్టెరాయిడ్ వల్ల పాడైన ముఖం అని ఒక జబ్బుగా పేరుపెట్టి, ప్రచారం చేసి, ప్రభుత్వం వెంటపడ్డారు. 2018లో ఈ పైపూత స్టెరాయిడ్లలో చాలావాటిని డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలనే జాబితాలోకి మార్చారు. అయినా చీటీ లేకుండా ఇచ్చే షాపులు ఇంకా ఉన్నాయి. నువ్వు ఇప్పటికే వాడుతుంటే సిగ్గుపడి దాచుకోకు, ఆ ట్యూబు చేత్తో పట్టుకుని చర్మడాక్టర్ దగ్గరికి వెళ్ళు. మానే పద్ధతి వాళ్ళు చెబుతారు, ముఖం కుదుటపడటానికి నెలలు పట్టవచ్చు, కానీ చాలావరకు కుదుటపడుతుంది.

పేరు తెలీని, లేబుల్ సరిగ్గా లేని నైట్ క్రీములు ఇంకా భయం. వాటిలో కొన్నింట్లో పాదరసం ఉంటుంది. పాదరసం చర్మంలోంచి ఒంట్లోకి వెళ్ళి మూత్రపిండాల్ని దెబ్బతీస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పట్నుంచో హెచ్చరిస్తోంది. కేరళలో మలప్పురం ప్రాంతపు డాక్టర్లు, ఇలాంటి తెల్లబరిచే క్రీములు వాడినవాళ్ళలో మూత్రపిండాల జబ్బు రావడం గమనించి ఆ సంగతి వైద్యలోకం ముందు పెట్టారు. ముఖం రంగు కోసం వెళ్ళిన పిల్ల కాళ్ళవాపులతో ఆస్పత్రికి చేరడం ఎంత అన్యాయం!

ఇంతా చేసి తెల్లబడి సాధించేదేమిటి? రంగునిచ్చే కణాలు నలుపువాళ్ళకైనా తెలుపువాళ్ళకైనా దాదాపు అన్నే ఉంటాయి. వాటిలో తయారయ్యే మెలనిన్ ఎంత, ఏ రకం అన్నదే తేడా. ఆ మెలనినే మన ఎండల నుంచి మనల్ని కాపాడుతోంది. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరులోంచి ఫెయిర్ తీసేసింది, మన పెళ్ళి ప్రకటనల్లో మాత్రం తెల్లటి వధువు అడుగుతూనే ఉన్నారు. "నలుపు నారాయణుడు మెచ్చు" అని పెద్దవాళ్ళు అంటారే, అది కూడా జాలిగా అంటే పిల్ల మనసు కుంగిపోతుంది. జాలి అక్కర్లేదు. "దాసి"లో అర్చనని చూడు. బి. నర్సింగరావు తీసిన ఆ సినిమాకి ఆవిడ జాతీయ ఉత్తమ నటి అయింది. ఆ ఛాయతోనే, ఆ కళ్ళతోనే. సాయిపల్లవి 2015లో "ప్రేమమ్"లో మొటిమలు కనిపించే ముఖంతోనే వచ్చింది, జనం అక్కున చేర్చుకున్నారు, 2017లో "ఫిదా"తో మనింటి పిల్లయిపోయింది. తరవాత ఫెయిర్‌నెస్ క్రీమ్ ప్రకటన వస్తే కాదనుకుంది. నా చిన్నప్పుడు ఇలాంటి మాట చెప్పే హీరోయిన్ ఒక్కరైనా ఉంటే ఎంతమంది ఆడపిల్లలు ఫోటోల్లో వెనక వరసలో నిలబడకుండా ఉండేవాళ్ళో అనిపిస్తుంది.

మంగు మచ్చలు వేరే సంగతి. కాన్పుల తరవాత బుగ్గల మీద గోధుమరంగులో పరుచుకుంటాయి, వాటికి వైద్యం ఉంది, ఓపిక కావాలి. అన్నిటికంటే ముందు సన్‌స్క్రీన్. ఎస్పీఎఫ్ 30 చాలు, అది యూవీబీ కిరణాల్లో 97 శాతం దాకా ఆపుతుంది. కానీ ఆవగింజంత రాస్తే లాభం లేదు. చూపుడువేలు, మధ్యవేలు రెండింటి పొడవునా పిండితే ముఖానికీ మెడకీ సరిపోతుంది. తెల్లగా తేలుతోందని మానేసేవాళ్ళు రంగు కలిసిన సన్‌స్క్రీన్ చూడండి. అందులోని ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుగుని కూడా అడ్డుకుంటుంది, మన చాయలవాళ్ళకి మంగు ముదిరేది ఆ వెలుగుకి కూడా.

నిమ్మకాయ ముఖానికి రుద్దకు. చర్మం స్వతహాగా కొద్దిపాటి పులుపుగానే ఉంటుంది, నిమ్మరసం దానికి ఎన్నో రెట్లు ఎక్కువ పులుపు. రాసుకుని ఎండలోకి వెళితే నల్లటి మచ్చలు పడతాయి. వంటసోడా కూడా వద్దు. సున్నిపిండి మంచిదే, నాకూ ఇష్టం, భోగి నాటి నలుగు వాసన ఇప్పటికీ మనసులో ఉంది. ఒక్క జాగ్రత్త చెబుతాను, చాలామందికి తెలీదు. సున్నిపిండిలో వేసే బావంచాల్లో సొరాలెన్ అనే పదార్థం ఉంటుంది, బొల్లికి వైద్యంలో వాడేది అదే. అది చర్మాన్ని ఎండకి తట్టుకోలేనట్టు చేస్తుంది. బావంచాలు వేసిన నలుగు పెట్టుకుంటే శుభ్రంగా కడిగేసుకో, ఆ వెంటనే ఎండలోకి వెళ్ళకు. మొటిమలున్నచోట గరుకుగా రుద్దకు.

జుట్టు దగ్గరికొద్దాం. వంకీలజుట్టు పిల్లలు పడే బాధ నాకు తెలుసు. చిన్నప్పట్నుంచీ "ఆ పిచ్చుకగూడు దువ్వుకో" అనిపించుకుంటూ పెరుగుతారు, చేతిలో డబ్బు ఆడగానే మొదట చేసేది స్ట్రెయిటెనింగ్. మొదటి రోజు భలే ఉంటుంది. నాలుగు నెలలకి వేర్ల దగ్గర నీ వంకీలు తిరిగొస్తాయి, చివర్లు మాత్రం గడ్డిపోచల్లా నిలబడతాయి. మళ్ళీ డబ్బు, మళ్ళీ కుర్చీ. కెరటిన్ అనే పేరుతో చేసే వాటిలో చాలావాటికి వేడి తగిలితే ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది, కళ్ళు మండేది అందుకే. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కలిగించే పదార్థమని తేలి చాలా ఏళ్ళైంది. అది లేనిదంటూ అమ్మేవాటిలో కొన్నింట గ్లైయాక్సిలిక్ ఆసిడ్ ఉంటోంది. దానితో స్ట్రెయిటెనింగ్ చేయించుకున్న ఆడవాళ్ళకి మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతిన్న సంగతులు ఇజ్రాయెల్, ఫ్రాన్స్ డాక్టర్లు రాశారు. చేయించుకోవాలనే ఉంటే డబ్బా మీద ఏం రాసుందో అడిగి చదువు. చదవనివ్వకపోతే ఆ పార్లర్ వద్దు.

ఆ డబ్బుతో వంకీల జుట్టు కత్తిరించడం తెలిసిన మనిషిని వెతుక్కో. తడిగా ఉన్నప్పుడు ఒకంత పొడవున్న జుట్టు ఆరాక ఎంత పైకి ముడుచుకుంటుందో తెలిసినవాళ్ళు కావాలి. ఆరిన జుట్టుని దువ్వకు, కండిషనర్ ఉన్నప్పుడే పెద్దపళ్ళ దువ్వెనతో చివర్ల నుంచి పైకి చిక్కు తీసుకో. టవల్‌తో రుద్దకుండా పాత నూలు చీరముక్కతో అద్దు. కుంకుడుకాయ వంకీల జుట్టుని బాగా పొడిబారుస్తుంది, అది వాడాలంటే ముందురోజు నూనె పట్టించు. ఓ రెండు నెలలు ఓపిక పడితే, వానలో తడిసినా కంగారుపడని జుట్టు నీ నెత్తిమీద ఉంటుంది. నెరిసిన జుట్టుకి రంగు వేయాలా వద్దా అన్నది పూర్తిగా నీ ఇష్టం. వేస్తే మాత్రం ప్రతిసారీ చెవి వెనక చుక్కంత రాసి 48 గంటలు ఆగి చూడు, ఏళ్ళుగా పడిన రంగు కూడా ఒకనాడు పడకపోవచ్చు.

గడ్డం మీద వెంట్రుకల గురించి చాలామంది గుసగుసగా అడుగుతారు. తలుపేసుకుని పీక్కుంటూ, మాట్లాడేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటూ బతికే పిల్లలెందరో. బిగ్గరగానే మాట్లాడుకుందాం. నెలసరి కూడా క్రమం తప్పుతుంటే, బిరుసైన వెంట్రుకలు గడ్డం మీదా ఛాతీ మీదా వస్తుంటే అది పీసీఓడీ అనే హార్మోన్ల సమస్య కావచ్చు, ముందు డాక్టర్. ఈలోగా త్రెడింగో షేవింగో ఏదైనా చేసుకో. షేవ్ చేస్తే వెంట్రుక దళసరిగా పెరుగుతుందన్నది నిజం కాదు, కొస తెగి మొండిగా తగలడంవల్ల అలా అనిపిస్తుంది. లేజర్ చేయించుకుంటే మన చాయలకి ఎన్డీ-యాగ్ రకం కాలే ప్రమాదం తక్కువ, చర్మడాక్టర్ దగ్గరే చేయించుకో, ఎన్నో విడతలు పడుతుంది. లోపలి హార్మోన్ల సంగతి చూడకుండా లేజర్ మీదే డబ్బంతా పోస్తే మళ్ళీ మొదటికి వస్తుంది.

చిన్నవి గబగబా చెప్పేస్తాను. కళ్ళజోడు ముక్కుమీంచి జారుతుంటే ముక్కు దగ్గర సర్దుకునే మెత్తలున్న ఫ్రేము తీసుకో, అద్దానికి వెలుగు తిప్పికొట్టని పూత వేయించుకుంటే నీ కళ్ళు ఎదుటివాళ్ళకి కనిపిస్తాయి. పెళ్ళిచూపుల్లో కళ్ళజోడు తీసేయమంటే తీయకు, రేపట్నుంచి చూడాల్సిన మనిషిని స్పష్టంగా చూడాలి కదా. బుట్టలు బరువైతే మాటీలు పెట్టుకో, బరువు జుట్టు పంచుకుంటుంది. చెవి తమ్మె సాగి తెగిపోయిందని జడ అడ్డం వేసుకునేవాళ్ళకి చెబుతున్నాను, అది మత్తు సూదితో చిన్నపాటి కుట్లు వేసి సరిచేసే పని, కొన్ని నెలలాగి పక్కన మళ్ళీ కుట్టించుకోవచ్చు. బొట్టుబిళ్ళ పెట్టుకునేచోట దురదగాని తెల్లమచ్చగాని కనిపిస్తే వెంటనే మానేయి. కొన్ని బిళ్ళల జిగురులోని రసాయనం రంగుకణాల్ని చంపేస్తుంది.

బొట్టు అంటే ఒకావిడ గుర్తొస్తున్నారు. బడిలో లెక్కల టీచర్. భర్త పోయారు. పదోరోజు ఆడవాళ్ళంతా చేరి బొట్టు, గాజులు, పూలు తీసేయించారు. సెలవు అయ్యాక బడికి వెళ్ళాల్సి వచ్చింది. ఆవిడ నాతో అన్నమాట చెబుతాను: "క్లాసులో పిల్లలు బోర్డు చూడకుండా నా నుదురే చూస్తున్నారు." పాఠం చెప్పడంలో ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి, బోర్డువైపు తిరిగి నిలబడటానికే ఇష్టపడేది ఆ రోజుల్లో. కొన్ని నెలలకి కోడలు ఓ మెరూన్ బిళ్ళ తెచ్చి "అత్తయ్యా, ఇది మీకు మామయ్యగారు ఇచ్చింది కాదు, చిన్నప్పుడు మీ అమ్మ పెట్టింది" అని నుదుట పెట్టింది. గాజులు ఆవిడే వద్దనుకున్నారు, చేతికి వాచీ చాలన్నారు. తెల్లచీరలు బీరువాలో పెట్టి నీలం మంగళగిరి చీర కట్టారు. చుట్టాల్లో కొందరు మూతి ముడిచారు. బడిలో పిల్లలు రెండో రోజుకే నుదురు సంగతి మర్చిపోయి లెక్కల్లో పడ్డారు, ఆవిడ కూడా.

నేను చూసిన మేకోవర్లలో ఇంతకంటే గొప్పది లేదు. చిన్న బొట్టుబిళ్ళ, ఓ చీర. కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. ఆ రోజుల్లో ఆయన అంత పోరాటం చేస్తే, ఇన్నేళ్ళ తరవాత కూడా మనం ఒక మనిషి నుదుటి మీద చుక్క గురించి సభ పెట్టుకుంటున్నాం. నాకిది చాలా బాధగా ఉంటుంది చెల్లీ. ఎవరైనా తనంతట తాను బొట్టు వద్దనుకుంటే అదీ ఆవిడ ఇష్టమే, బలవంతంగా పెట్టకూడదు. కానీ తీసేయడానికి పదిమంది వచ్చారు కదా, పెట్టుకుంటావా అని అడగడానికి ఒక్కరైనా వెళ్ళాలి.

మీ ఇంట్లో అలాంటి అత్తో పిన్నో ఉంటే, వచ్చే పండక్కి నీ ఇష్టమొచ్చిన లేతరంగు చీర కొని చేతిలో పెట్టకు. షాపుకి వెంట తీసుకెళ్ళు. ముదురురంగులు కూడా తీసి పరిపించు. జాకెట్టు ఒంటిమీద కొలతలతో కుట్టించు. "ఈ వయసులో నాకెందుకే" అంటుంది మొదట. సరేలే అని చీరలు మడతపెట్టించేయకు, ఇంకోసారి అడుగు.